డైపర్ మానని పాపతో క్రూజ్: ఏ ఓడ, ఏ గది, ఏ రేవు?

ప్రశ్న: మాకు నాలుగున్నరేళ్ల బాబు, రెండేళ్లు దాటిన పాప. మధ్యధరా సముద్రంలో ఏడు రాత్రుల క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఎమ్మెస్సీ, కోస్టా, రాయల్ కరీబియన్, డిస్నీ కంపెనీల ఓడలన్నీ చూశాం. బ్రోషర్లు చదివితే నాలుగూ ఒకేలా ఉన్నాయి. దేన్నిబట్టి తేల్చుకోవాలండీ?

జవాబు: వాటర్ స్లయిడ్ల ఫొటోలు కాసేపు పక్కన పెట్టండి. మీ ఇంట్లో ఓడను నిర్ణయించేది బాబు కాదు, పాప. చాలా కంపెనీల్లో పిల్లల క్లబ్‌లోకి, అంటే సిబ్బంది పిల్లల్ని చూసుకుంటూ ఆడించే చోటికి, తీసుకోవాలంటే రెండు షరతులు: మూడేళ్లు నిండాలి, డైపర్ మానాలి. బాబుకి మీ నాలుగింటిలో ఏ ఓడలోనైనా చోటు ఉంటుంది. పాపకి దొరక్కపోతే మీ ఇద్దరిలో ఒకరు ఏడు రోజులూ ఆ పిల్లతోనే గడపాలి. అందుకే మొదట అడగాల్సింది ‘క్లబ్ ఉందా’ అని కాదు, ‘మూడేళ్లలోపు వాళ్లకి నర్సరీ ఉందా’ అని.

కోస్టాలో క్లబ్ మూడేళ్ల నుంచి మొదలవుతుంది. ఎమ్మెస్సీలో చిన్నపిల్లలకి బేబీ క్లబ్ ఉంది గానీ, వదిలి వెళ్లనిచ్చేది కొన్ని గంటలే. మిగతా సమయంలో తల్లో తండ్రో పక్కన ఉండాలి. డిస్నీ ఓడల్లోనూ, రాయల్ కరీబియన్ ఓడలు చాలావాటిలోనూ ఆరు నెలల నుంచి మూడేళ్లలోపు వాళ్లకి నర్సరీ ఉంది. గంటల లెక్కన డబ్బు తీసుకుంటారు, సీట్లు తక్కువ. బుకింగ్ తెరవగానే సముద్రంలో గడిపే రోజులకీ, సాయంత్రం భోజనం వేళకీ రిజర్వ్ చేసుకోండి. రేవులో ఆగిన రోజున చాలామంది దిగిపోతారు కాబట్టి అప్పుడు ఓడ ఎక్కాక అడిగినా దొరికే అవకాశం ఎక్కువ. కార్నివాల్ అనే ఇంకో కంపెనీ క్లబ్ రెండేళ్లకే తీసుకుంటుంది, డైపర్ ఉన్నా సరే. మీ నాలుగింటి జాబితాలో అది లేదు గానీ, రూటు మార్చుకోగలిగితే ఆలోచించదగ్గదే.

ఇంకో చోట చాలామంది దెబ్బతింటారు. అది ఈతకొలను. డైపర్ వాడే పిల్లల్ని కొలనులోకీ, వేడినీళ్ల తొట్టిలోకీ దిగనివ్వరు. ఈత డైపర్ వేసినా అంతే. అది గట్టి మలాన్ని మాత్రమే ఆపుతుంది. పల్చటిది నీళ్లలో కలిసిందంటే కొలను మూసి శుభ్రం చేయాల్సిందే. కొన్ని ఓడల్లో పసిపిల్లల కోసం నీళ్లు చిమ్మే చోటు విడిగా ఉంటుంది, దాని నీటి శుద్ధి కూడా విడిదే. ఒకే కంపెనీలో ఒక ఓడలో ఉండి, పక్క ఓడలో లేకపోవచ్చు. కాబట్టి కంపెనీ పేరు చెప్పి కాదు, ఓడ పేరు చెప్పి అడగండి.

మా మాటేమిటంటే, పాప ఇంకో ఏడెనిమిది నెలల్లో మూడేళ్లు నిండి డైపర్ కూడా మానేస్తుందనుకుంటే, ప్రయాణాన్ని అప్పటిదాకా జరపండి. అదే డబ్బుకి రెండింతల సుఖం. వయసు లెక్క టికెట్ కొన్న రోజుది కాదు, ఓడ ఎక్కే రోజుది.

ప్రశ్న: మా బాబు ఇంటి భాష తప్ప మాట్లాడడు. ఓడలో పది దేశాలవాళ్లు ఉంటారు కదా, క్లబ్‌లో ఒంటరివాడైపోడా?

జవాబు: ఆటకి భాష అక్కర్లేదు, అవసరానికి కావాలి. బాత్రూమ్‌కి వెళ్లాలి, దాహం వేస్తోంది, కడుపు నొప్పి, అమ్మ కావాలి. ఈ నాలుగూ ఇంగ్లీషులో వస్తే నాలుగేళ్లవాడికి చాలు. నెల ముందు నుంచీ ఇంట్లో ఆటలా అలవాటు చేయండి. అవే మాటలు మీ భాషలో ఎలా పలుకుతాడో ఇంగ్లీషు అక్షరాల్లో ఒక కార్డు మీద రాసి క్లబ్ సిబ్బందికి ఇవ్వండి. ఏడుస్తూ ఉన్నప్పుడు పిల్లలు నేర్చిన భాష మర్చిపోయి ఇంటి భాషలోకే పోతారు.

డిస్నీ, రాయల్ కరీబియన్ ఓడల్లో వ్యవహారం ప్రధానంగా ఇంగ్లీషులో సాగుతుంది. ఎమ్మెస్సీ, కోస్టాల మధ్యధరా ఓడల్లో ఇటాలియన్, ఫ్రెంచ్, స్పానిష్, జర్మన్, ఇంగ్లీష్ వంతులవారీగా వినిపిస్తాయి. క్లబ్‌లోనూ ఒక్కో ఆటని మూడు నాలుగు భాషల్లో వివరించేసరికి చిన్నవాళ్లకి ఓపిక పోతుంది. ఇంకో సంగతి, ఈ ఓడలు బార్సిలోనా, మార్సెయ్, జెనోవా, చివిటావెక్కియా లాంటి రేవుల్లో ఎక్కడికక్కడ కొత్తవాళ్లని ఎక్కించుకుంటాయి. ఆదివారం కుదిరిన స్నేహితుడు బుధవారానికి దిగిపోవచ్చు. కొత్తవాళ్లతో కలవడానికి సమయం తీసుకునే పిల్లవాడైతే, అందరూ ఒకే రేవులో ఎక్కి ఒకే రేవులో దిగే ప్రయాణం చూడండి.

మొదటి రోజు క్లబ్ చూడ్డానికి పెద్దవాళ్లనీ రానిస్తారు. ఆ సాయంత్రమే పేరు నమోదు చేసి, అలర్జీల ఫారం నింపి, పావుగంట మీరూ అక్కడే కూర్చోండి. నిజంగా వదిలిపెట్టడం మాత్రం మర్నాడు ఉదయం, పిల్లలు తక్కువమంది ఉన్నప్పుడు చేయండి. మొదటిసారే రాత్రి పార్టీ వేళ వదిలితే ఆ హోరుకి బెదిరి, మిగతా వారమంతా గుమ్మం కూడా తొక్కడు. రాత్రి పది దాటాక చాలాచోట్ల గంటకింత వసూలు చేస్తారు.

ఆగస్టులో యూరప్ బళ్లకి సెలవులు. క్లబ్ నిండిపోతే తలుపు దగ్గరే ఆపేస్తారు. మీ పిల్లలకి ఇంకా బడి గొడవ లేకపోతే మే, జూన్ మొదటి వారం మేలు. భోజనానికి ఆరు గంటల ప్రాంతపు మొదటి పంక్తే తీసుకోండి. దక్షిణ యూరప్ ప్రయాణికులు ఎక్కువగా ఉన్న ఓడలో రెండో పంక్తి ముగిసేసరికి పిల్లలు బల్ల మీదే నిద్రపోతారు.

ప్రశ్న: నలుగురం ఒకే గదిలో సర్దుకోవచ్చా? కిటికీ లేని గది చవగ్గా వస్తోంది.

జవాబు: కిటికీ లేని గది సుమారు 14 నుంచి 17 చదరపు మీటర్లు. మంచం, పసిపిల్ల తొట్టి వేశాక నిలబడే చోటే మిగులుతుంది. పైగా మూడో, నాలుగో పడక చాలాసార్లు గోడ నుంచో పైకప్పు నుంచో దిగే పై బెర్తు. ఆరేళ్లలోపు పిల్లల్ని అక్కడ పడుకోబెట్టకూడదు. సోఫా మంచం ఉన్న గదే అడగండి.

చీకటి గదిలో పిల్లలు బాగా నిద్రపోతారు, నిజమే. కానీ మధ్యాహ్నం పాప పడుకున్న రెండు గంటలూ మీరూ ఆ చీకట్లోనే కూర్చోవాలి. బాల్కనీ ఉంటే తలుపు దగ్గరగా వేసి బయట కూర్చోవచ్చు. బాల్కనీ తీసుకుంటే మాత్రం ఎక్కగానే కుర్చీలూ బల్లా కటకటాల దగ్గర నుంచి జరపండి, తలుపు పై గడియ ఎప్పుడూ వేసి ఉంచండి. రెండు గదులు తీసుకునేటట్టయితే, లోపలి నుంచి తలుపు ఉన్నవే కావాలని రాతపూర్వకంగా అడగండి. ‘పక్కపక్క గదులు’ అంటే మధ్యలో తలుపు ఉన్నట్టు కాదు.

పసిపాపని మాత్రం మొదటి రోజే బుకింగ్‌లో చేర్చండి. ‘ఒళ్లో పిల్లే కదా, తర్వాత చేర్చుదాం’ అనుకుంటే కుదరదు. ఓడలో ఒక్కో ప్రాణానికీ లైఫ్‌బోటులో చోటు లెక్క ఉంటుంది. ఓడలో మీ గది ఉన్న భాగానికి ఆ లెక్క నిండితే, మీ గదిలో ఖాళీ ఉన్నా పేరు చేర్చరు.

కుదుపు తక్కువ కావాలంటే ఓడ పొడవులో మధ్య, కింది అంతస్తు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకే సముద్రపు వికారం ఎక్కువ. పెద్దవాళ్లు చెవి వెనక అంటించుకునే పట్టీ పిల్లలకి వద్దు. ఏ మందైనా డాక్టరు చెప్పిన మోతాదే.

ప్రశ్న: తొమ్మిది నెలల బిడ్డతో వెళ్లొచ్చా? రూటు ఎలా ఎంచుకోవాలి?

జవాబు: చాలా కంపెనీల్లో కనీస వయసు ఆరు నెలలు. అట్లాంటిక్ దాటే ప్రయాణంలాగా వరుసగా ఎక్కువ రోజులు నడిసముద్రంలో ఉండేవాటికి ఏడాది. వర్జిన్ వోయేజెస్, వైకింగ్ ఓడల్లో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లని ఎక్కించుకోరు.

రేవు పేరు కాదు, రేవు నుంచి ఊరికి ఎంత దూరమో చూడండి. పోస్టర్లో ‘రోమ్’ అని ఉంటే ఓడ ఆగేది చివిటావెక్కియాలో. రానూ పోనూ రెండు మూడు గంటలు రోడ్డుకే. ‘ఫ్లోరెన్స్’ అంటే లివోర్నో, అదీ అంతే. మాల్టాలో వల్లెట్టా అయితే ఓడ దిగి నడిచి, బరాక్కా లిఫ్టు ఎక్కితే 58 మీటర్ల పైన ఊళ్లో ఉంటారు. మధ్యాహ్నం నిద్రకి వెనక్కి రావచ్చు కూడా. కోటోర్ లాంటి చోట పెద్ద ఓడలు ఒక్కోసారి లంగరేసి చిన్న పడవల్లో దించుతాయి. అక్కడ పిల్లల తోపుడుబండి మడిచి, బిడ్డని చంకనేసుకోవాలి. మడిస్తే చేతిలో పట్టేదే తీసుకెళ్లండి. గది బయట వరండాలో బండి ఉంచనివ్వరు.

మీ పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) కావాలంటే ఇంకోటి గమనించండి. కోటోర్ ఉన్న మాంటెనెగ్రో, టర్కీ షెంగెన్‌లో లేవు. అక్కడ ఆగి మళ్లీ ఇటలీకో గ్రీసుకో వస్తే అది రెండో ప్రవేశం. ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన వీసా సరిపోదు. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లోనే ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరిలో ఒకరే వెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం దగ్గర ఉంచుకోండి.

గదిలో కెటిల్ పెట్టనివ్వరు, వేడినీళ్లు బఫేలోనో రూమ్ సర్వీసులోనో అడగాలి. పాలపొడి, డైపర్లు ఇంటి నుంచే. రోజుకి ఆరు లెక్కన ఏడు రోజులకి 42, మరో పదిహేను అదనం. పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది కాబట్టి ఒక రోజు సరంజామా, మందులు చేతి సంచిలో ఉండాలి.

ప్రశ్న: ఓడల్లో వాంతులు, విరేచనాలు అంటుకుంటాయంటారు. హ్యాండ్ శానిటైజర్ సరిపోతుందా?

జవాబు: సరిపోదు. వాటికి తరచూ కారణమయ్యే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బుతో, పారే నీళ్లతో ఇరవై సెకన్లు కడగాలి. బఫేలో గరిటెలు పట్టుకున్నాక, తినేముందు మళ్లీ. పిల్లలకి పళ్లెం మీరే వడ్డించండి. ఓడ డాక్టరు ఉంటారు గానీ పిల్లల వైద్యులు సాధారణంగా ఉండరు, ఫీజు గది బిల్లులో పడుతుంది. ఓడ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు భరించే బీమా తీసుకోండి. ఆరు నుంచి పదకొండు నెలల బిడ్డకి విదేశ ప్రయాణానికి ముందు తట్టు టీకా ఒక డోసు ముందుగా వేస్తారు. కనీసం రెండు వారాల ముందే మీ డాక్టరుని అడగండి.

ఎక్కగానే జరిగే భద్రతా డ్రిల్‌లో రెండు విషయాలు తేల్చుకోండి. బిడ్డ 15 కిలోలలోపు ఉంటే శిశువుల లైఫ్‌జాకెట్ విడిగా ఉంటుంది, గదికి ఇచ్చారో లేదో చూడండి. అలారం మోగినప్పుడు పెద్దబాబు క్లబ్‌లో ఉంటే ఏం చేయాలో కూడా అడగండి. సాధారణంగా పిల్లల చేతికి కట్టిన పట్టీ మీద, ప్రమాద సమయంలో మీరు చేరాల్సిన చోటి అక్షరం ఉంటుంది, సిబ్బందే అక్కడికి తీసుకొస్తారు. మెట్ల మీద జనానికి ఎదురు పరిగెత్తి క్లబ్‌కి వెళ్తే మీరూ వాడూ చెరోచోట పడతారు.