అమ్మానాన్నల్ని యూర్మల తీసుకెళ్లేటప్పుడు

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. జులైలో మీ అమ్మానాన్న లాట్వియా రాజధాని రీగా వస్తున్నారనీ, వాళ్లను దగ్గర్లోని సముద్రపొడ్డు ఊరు యూర్మల తీసుకెళ్తాననీ, "పెద్దమ్మా, అక్కడ చూడాల్సినవాటి లిస్టు పంపు" అనీ రాశావు. లిస్టు పంపను. అక్కడ చూడాల్సినవంటూ పెద్దగా ఏమీ లేవు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క లియలుపె నది, మధ్యలో పైన్ అడవి, ఆ అడవిలో పాతకాలపు చెక్క ఇళ్లు. ఊరంతా అంతే. మీ అక్క దగ్గరికి వచ్చిన ప్రతి వేసవిలోనూ నేను అక్కడికి పరిగెత్తేది ఏమీ చెయ్యకుండా కూర్చోవచ్చనే.

ఈ మాట మీ నాన్నగారికి ఎక్కించడమే కష్టం. ఊటీ వెళ్లినా అరకు వెళ్లినా ఆయన పొద్దున్నే కారెక్కి "ఇక్కడ ఎన్ని పాయింట్లు ఉన్నాయి?" అని డ్రైవర్ని అడిగే మనిషి. అందుకని ముందే చెప్పి పెట్టు, ఇది పాయింట్లు చూసే ఊరు కాదు, నడిచే ఊరు అని. ఆయన పొద్దున, సాయంత్రం వాకింగ్ చేసే మనిషే కాబట్టి ఆ దారిలో పట్టుకో, ఒప్పుకుంటారు.

రీగా నుంచి పాతిక కిలోమీటర్లే కదా, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేద్దాం అనుకుంటావు. అలా చెయ్యకు. కనీసం రెండు రాత్రులు ఉండండి. పగటిపూట వచ్చినవాళ్లంతా సాయంత్రం రైళ్లలో వెళ్లిపోయాక ఊరు మళ్లీ నిశ్శబ్దంగా మారుతుంది, ఆ పూట కోసమే అక్కడ ఉండాలి. జులై మొదట్లో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి పదిన్నర దగ్గర పడుతుంది, ఆ తర్వాత కూడా వెలుగు చాలాసేపు ఉంటుంది. భోజనం అయ్యాక బీచ్‌లో గంటసేపు నడిచి వచ్చినా ఇంకా చీకటి పడదు. కాకపోతే ఆ వెలుగుకి మీ అమ్మకు నిద్ర పట్టదు. మందపాటి కర్టెన్లు ఉన్న గది చూడు, లేదా కళ్లకు కట్టుకునే మాస్కు ఒకటి కొనిపెట్టు.

శని, ఆదివారాలు వద్దు. ఊరి మధ్యలో యోమస్ వీధి అని ఒక కిలోమీటరు పొడవునా నడిచేవాళ్లకే వదిలేసిన వీధి ఉంది, హోటళ్లు, ఐస్‌క్రీమ్ బళ్లు, షాపులన్నీ అక్కడే. ఎండ కాసిన శనివారం సాయంత్రం ఆ వీధిలో జనం జనమే. ఒకసారి అటూ ఇటూ నడిస్తే చాలు. గది మాత్రం ఆ పక్కన తీసుకోకు. పడమటి వైపు మెల్లుజి, అసారి దగ్గర చిన్న వంటగది ఉన్న ఇల్లు దొరికితే అదే మేలు. బీచ్ ఈ నడిమి భాగం మాయోరిలో ఎంత బాగుంటుందో అక్కడా అంతే బాగుంటుంది, జనం మాత్రం చాలా తక్కువ.

కారు అద్దెకు తీసుకోవద్దు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు చివరిదాకా కారులో ఊళ్లోకి రావాలంటే పర్మిట్ కొనాలి, ఆపైన పార్కింగ్ వెతుక్కోవాలి. రైలు హాయి. రీగా సెంట్రల్ స్టేషన్లో ఎక్కితే అరగంట పైచిలుకులో మాయోరి వస్తుంది. బోర్డు మీద "యూర్మల" అనే స్టేషన్ కోసం వెతక్కు, ఆ పేరుతో స్టేషనే లేదు. లియలుపె, బుల్దురి, జింతారి, మాయోరి, దుబుల్టి, ఆ పైన మెల్లుజి, అసారి, ఇవన్నీ కలిసి ఒక ఊరు. రైలు పట్టాలు సముద్రం ఒడ్డుకు సమాంతరంగా పోతాయి, స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈ లైను 1877లో వచ్చింది. రీగాలోని ఉన్నవాళ్లు వేసవి విడిదికి వచ్చి ఈ చెక్క ఇళ్లు కట్టుకోవడం ఆ తర్వాత బాగా పెరిగింది. కొన్ని ఇళ్లు రంగులు వేసి, నగిషీల బాల్కనీలతో ముచ్చటగా ఉంటాయి. కొన్ని పాడుబడి, మధ్యలో కొత్త డబ్బున్నవాళ్ల ఎత్తైన గోడలు. నాకు పాడుబడినవే ఇష్టం, అది వేరే సంగతి.

పట్టాలు ఒడ్డు పక్కనే పోవడం వల్ల పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు ఎంత సుఖమో చెప్తాను. బీచ్ 24 కిలోమీటర్లకు పైగా ఏకధాటిగా ఉంది. ఎక్కడో ఒకచోట దిగి నడక మొదలుపెట్టి, మీ అమ్మ మోకాళ్లు ఇక చాలన్నచోట అడవి దాటి వెనక్కి తిరిగితే ఏదో ఒక స్టేషన్ తగులుతుంది. వచ్చిన చోటికే తిరిగి నడవక్కర్లేదు. బయల్దేరే ముందు ఫోన్లో గాలి ఎటు నుంచి వీస్తోందో చూడు. పడమటి గాలి అయితే దుబుల్టిలో దిగి తూర్పుగా బుల్దురి వైపు నడవండి, గాలి వీపుకు తగులుతుంది. తూర్పు గాలి అయితే దీనికి తిరగేసి వెళ్లండి. జులై అయినా ఎదురుగాలిలో నాలుగైదు కిలోమీటర్లు నడిస్తే చెవులు దిమ్మెక్కుతాయి. నీళ్లు తాకి గట్టిపడిన ఇసుక మీద చెప్పులు తీసి నడవమను, పొడి ఇసుకలో కాళ్లీడ్చడం కంటే మోకాళ్లకు అదే తేలిక. ఇంకో చిన్న జాగ్రత్త. అడవిలోంచి బీచ్‌కి వచ్చే దారులన్నీ ఒకేలా ఉంటాయి, దిగినచోట వీధి పేరు ఫొటో తీసి పెట్టుకో. దారి వదిలి ఇసుక దిబ్బల మీదికి ఎక్కకండి, గడ్డి తొక్కితే దిబ్బ కొట్టుకుపోతుందని ఇక్కడివాళ్లు చాలా పట్టింపుగా ఉంటారు.

దుబుల్టిలో దిగితే స్టేషన్ని ఓసారి చూడండి. అల లేచినట్టు కాంక్రీటు కప్పు, సోవియట్ కాలంలో 1977లో కట్టారు. ఇప్పుడు లోపల ఆర్ట్ గ్యాలరీ నడుస్తోంది, ఒక పక్క టికెట్లు, ఇంకో పక్క బొమ్మలు. అక్కడ నదికీ సముద్రానికీ మధ్య నేల మూడు నాలుగు వందల మీటర్లకు మించి ఉండదు. మీ నాన్నగారికి ఒక పాయింటు కావాలంటే ఇది చూపించు.

ఇక సముద్రం. మీ అమ్మకు సూర్యలంక, మంగినపూడి తెలుసు, అలలంటే భయం. ఇక్కడ ఆ భయం అక్కర్లేదు. చాలా దూరం వెళ్లినా నీళ్లు మోకాలు దాటవు, మధ్యలో ఇసుక మేటలు వచ్చి మళ్లీ పాదాల లోతే అవుతుంది. ఉప్పు కూడా తక్కువ. మహాసముద్రంలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటే, ఈ రీగా అఖాతంలో ఐదారు గ్రాములే. నదులు ఇన్ని వచ్చి కలుస్తుంటే ఎలా ఉంటుంది మరి! స్నానం చేశాక ఒళ్లు జిగటగా ఉండదు. కానీ చల్లదనం మాత్రం తమాషా కాదు. మంచి ఎండాకాలంలో కూడా 18, 20 డిగ్రీలు ఉంటే గొప్ప. నేల మీది నుంచి సముద్రం వైపు గాలి వీస్తే పైన ఉన్న వెచ్చని నీళ్లు లోపలికి జరిగిపోయి అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. అందుకే నిన్న బాగున్న నీళ్లు ఇవాళ కొరికేస్తాయి. మీ నాన్నగారికి బీపీ ఉంది కదా, ఒక్కసారిగా మునగొద్దని గట్టిగా చెప్పు. లాట్వియావాళ్లు దూకుతున్నారని పోటీ పడతారాయన, నాకు తెలుసు.

అడవి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అక్కడ ఒకటే భయం ఉంది, అది కనపడదు. మన సూర్యలంకలో సరుగుడు తోట ఉన్నట్టే ఇక్కడ పైన్ చెట్లు ఒడ్డుదాకా వస్తాయి, నీడ, గాలి చప్పుడు అన్నీ అలాగే అనిపిస్తాయి. అందుకే మనవాళ్లు దుప్పటి పరిచి చెట్ల కింద పడుకుందాం అంటారు. వద్దు. గడ్డిలో గోమారి లాంటి చిన్న పురుగులు ఉంటాయి. రెండు రకాల జబ్బులు తెస్తాయి. ఒకటి మెదడువాపు, దానికి టీకా ఉంది. రెండోది లైమ్ జబ్బు, దానికి ఆ టీకా పనిచెయ్యదు, కానీ త్వరగా గుర్తిస్తే యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది. నువ్వు ఏళ్ల తరబడి ఉండేవాడివి, పైగా మెడిసిన్ చదువుతున్నావు, ఇంకా వేయించుకోకపోతే ఈ వారమే వెళ్లు. అమ్మానాన్నల సంగతి ఇక్కడి డాక్టర్ని అడుగు, ఉండేది కొద్ది రోజులే అయినా అడగడంలో తప్పులేదు.

అడవిలోకి వెళ్లేటప్పుడు లేత రంగు ప్యాంటు, అది సాక్సులోకి దోపుకోవాలి. అమ్మను చీర వద్దను, చుడీదార్ వేసుకోమను. గదికి రాగానే మోకాళ్ల వెనక, నడుము దగ్గర, చంకల్లో, చెవుల వెనక, జుట్టు మొదట్లో వెతకాలి. కనపడితే నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటి వైద్యాలు వద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి, మందుల షాపులో దానికోసమే చిన్న పరికరం అమ్ముతారు. లైమ్ జబ్బు ఎక్కడానికి సాధారణంగా చాలా గంటలు పడుతుంది, అందుకే అదే రోజు తీసేస్తే సగం టెన్షన్ పోయినట్టే. మెదడువాపు వైరస్ మాత్రం కుట్టిన నిమిషాల్లోనే ఎక్కొచ్చు. తర్వాతి వారాల్లో జ్వరం వచ్చినా, కుట్టినచోట ఎర్రటి మచ్చ పెద్దదవుతూ వచ్చినా విజయవాడ డాక్టరుకు ఈ అడవి సంగతి చెప్పాలి, లేకపోతే ఆయనకు తట్టదు.

ఇంత చదివి అడవి మానేయకు. జులైలో చెట్ల కింద నీలం బెర్రీలు పండుతాయి, ప్రభుత్వ అడవుల్లో ఎవరైనా కోసుకోవచ్చు. మీ అమ్మ ఒకసారి మొదలుపెట్టిందంటే చేతులు, చున్నీ ఊదారంగు అయ్యేదాకా ఆగదు. జింతారిలో అడవినే పార్కుగా ఉంచారు, నడవడానికి చదునైన దారులు ఉన్నాయి, 33 మీటర్ల పైచిలుకు ఎత్తున్న టవర్ ఎక్కితే చెట్ల పైన్నుంచి సముద్రం కనిపిస్తుంది. అమ్మ కింద బెంచీ మీద కూర్చుంటుంది, మీరిద్దరూ ఎక్కండి.

ఒక్క రోజు మాత్రం బురదనేల ఉన్న కెమెరి కోసం ఉంచండి. అదీ యూర్మలలో భాగమే, పడమటి చివర. మాయోరి దాటే రైళ్లన్నీ అక్కడిదాకా పోవు, కొన్ని దుబుల్టిలో, స్లోకలో ఆగిపోతాయి. తుకుమ్స్ వెళ్లేది ఎక్కు, తిరుగు రైలు టైము ముందే రాసుకో. స్టేషన్ నుంచి బురదనేల చాలా దూరం, మీ అమ్మతో నడిచి వెళ్లొద్దు, యాప్‌లో టాక్సీ పిలువు. తిరుగు ప్రయాణానికి బండి ఎలాగో కూడా ముందే మాట్లాడుకో. అక్కడ మెత్తటి నాచు మీద చెక్క పలకలతో దారి వేశారు. చిన్న చుట్టు కిలోమీటరున్నర లోపే, పెద్దది మూడున్నర కిలోమీటర్ల దగ్గర. మనిషెత్తు లేని పైన్ చెట్లు, నల్లటి నీటి గుంటలు, పురుగుల్ని తినే చిన్న ఎర్రటి మొక్కలు. ఆ మరుగుజ్జు చెట్లలో కొన్నిటి వయసు వందేళ్ల పైనే, ఆ నేలలో సారం లేక ఎదగవు. నాచు కుళ్లకుండా పేరుకుంటూ ఏడాదికి మిల్లీమీటరు చొప్పున నేల పెరుగుతుంది. ఈ సంగతి మీ నాన్నగారికి అక్కడ నిలబడి చెప్పు, పాయింట్లు మర్చిపోతారు. పొద్దున ఆరింటికి వెళ్లగలిగితే పొగమంచు ఉంటుంది. వాన పడితే పలకలు జారుతాయి, గ్రిప్ ఉన్న బూట్లు వేయించు. పలకల మీది నుంచి కాలు కిందకి పెట్టొద్దు. దోమల మందు మర్చిపోకు.

కెమెరిలో గంధకం నీళ్ల ఊట ఒకటి ఉంది, బల్లి బొమ్మ పక్కన. కుళ్లిన గుడ్డు వాసన. ఈ నీళ్ల స్నానాల కోసమే 19వ శతాబ్దంలో ఆ ఊరు వెలిసింది, 1936లో కట్టిన తెల్లటి పెద్ద భవనం ఇప్పటికీ అక్కడ ఉంది. నాకు ఆ నీళ్లు ఒక గుక్క కూడా దిగలేదు.

తిండికి అంత ఇబ్బంది లేదు. బంగాళాదుంప అట్లు ఎక్కడైనా దొరుకుతాయి, మీగడతో తినాలి. బీట్‌రూట్, దోసకాయ, సోయకూర వేసి మజ్జిగ లాంటి కెఫిర్‌తో చేసే చల్లటి గులాబీరంగు సూపు మీ అమ్మకు నచ్చుతుంది, కానీ గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల సాసేజీ ముక్కలు కూడా వేస్తారు, అడిగి చెప్పించుకో. కెఫిర్ కొని అన్నంలో కలిపితే పెరుగన్నానికి దగ్గరగానే ఉంటుంది. నాన్నగారికి పొగబెట్టిన చేప ఇప్పించు. పులిహోర డబ్బా ఒకటి ఎలాగూ వస్తుంది, వద్దన్నా ఆగదు. బీచ్‌లో తిన్నాక ఒక్క కరివేపాకు రెబ్బ కూడా కింద పడేయొద్దు.

బీచ్‌లో స్పీకర్ పెట్టి వీడియో కాల్ చెయ్యొద్దని నాన్నగారికి మెల్లగా చెప్పు. ఇక్కడివాళ్లు ఏమీ అనరు, లేచి దూరంగా వెళ్లి కూర్చుంటారు. షాపులోకి వెళ్తే "లబ్దియెన్" అనమను, డబ్బు ఇచ్చాక "పల్దియెస్". ఆ రెండు మాటలకే ముఖాలు విచ్చుకుంటాయి.

స్వెటర్లు రెండు, గాలి ఆపే జాకెట్లు రెండు, బీపీ మాత్రలు ఉండే దానికంటే వారం ఎక్కువకు. వాన పడితే ఏం చేస్తాం అని అడుగుతారు. ఏమీ చెయ్యరు, కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతారు. గది ఖాయం అయ్యాక ఒక మెసేజ్ పెట్టు, చెల్లితో నేను మాట్లాడి చుడీదార్ల సంగతి చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ