ఒకే డబ్బా, వేర్వేరు వేగాలు

ప్ర: మా అబ్బాయి పాయింట్ టూటూ (0.22 అంగుళాల తూటా వాడే) రైఫిల్‌తో గచ్చిబౌలిలో ప్రాక్టీస్ చేస్తున్నాడు. ఒకే డబ్బాలోని తూటాల వేగం సెకనుకు 320 నుంచి 335 మీటర్ల దాకా మారుతోంది. రైఫిల్ పాడైందా?
– ఒక తండ్రి, తార్నాక

జ: ముందు తూటాని అనుమానించండి సార్. ఈ రకంలో నిప్పు రాజేసే మందు అడుగు అంచులో ఉంటుంది. అది చుట్టూ సమంగా పరుచుకోకపోతే లోపలి పౌడర్ ఒక్కోసారి ఒక్కోలా మండుతుంది. మీరు చెప్పిన తేడాకి 50 మీటర్ల దగ్గర బుల్లెట్ సుమారు సెంటీమీటరు పైకో కిందికో పోతుంది. పది పాయింట్ల వలయం వెడల్పే 10.4 మిల్లీమీటర్లు! పాపం, పిల్లలు తమ గురినే తిట్టుకుంటారు. మా దగ్గర నేర్చుకునే పిల్లల్ని మే ఎండలో తూటాల డబ్బాని కారులో వదలనివ్వను. వేడెక్కిన పౌడర్ వేగాన్ని పెంచుతుంది. బ్యారెల్ (రైఫిల్ గొట్టం) తుడిచాక మొదటి షాట్లు లెక్కలోకి తీసుకోకండి. ఇంకో లాట్ నంబరు డబ్బాతో, అంటే వేరే విడతలో తయారైనదానితో, పోల్చి చూడండి.