పనిముట్ల సందేహాలు: తొమ్మిదేళ్ల ట్రాక్ సా ఉంచాలా, మార్చాలా?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మాది తణుకు. మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు చేస్తాను. నా ట్రాక్ సా, అంటే రైల్ మీద తిన్నగా నడిపి షీట్లు కోసే కరెంటు రంపం, కొని తొమ్మిదేళ్లయింది. 1300 వాట్ల మెషిన్, 165 మిల్లీమీటర్ల బ్లేడు, 1400 మిల్లీమీటర్ల గైడ్ రైల్స్ రెండు. మొదట్లో సన్‌మైకా వేసిన షీటు కోస్తే అంచు అద్దంలా వచ్చేది. ఆర్నెల్ల నుంచి రైల్ వైపు అంచుకే పెచ్చులు లేస్తున్నాయి. మధ్యలో బ్లేడు మొద్దుబారితే ఊళ్లో దొరికిన చవక బ్లేడు వేశాను. అది నచ్చక మళ్లీ పాత రకమే తెప్పించుకున్నాను. అయినా పెచ్చులు ఆగలేదు. కోత అక్కడక్కడా నల్లగా మాడుతోంది. ఎనిమిదడుగుల కోత వేసి ముక్కలు జోడిస్తే మధ్యలో వెలుగు కనబడుతోంది. స్విచ్ నొక్కితే లోపల నిప్పురవ్వలు. మా బావమరిది హైదరాబాద్‌లో బ్యాటరీది కొన్నాడు. "ఇంకా ఆ డొక్కు ఎందుకు బావా" అని రోజూ ఫోన్. బ్యాటరీలు, ఛార్జర్, రైల్ అన్నీ కలిపి 60 వేల పైన చెప్పారు. పాతదానికి 8 వేలు ఇస్తారట. ఏం చేయమంటారు?
– ఒక కార్పెంటర్, తణుకు

జవాబు: తమ్ముడు గారూ, ముందు మీ బావమరిది ఫోన్ ఎత్తడం ఓ వారం మానేయండి. కొత్త మెషిన్ కొన్నవాడు పక్కవాడి చేత కూడా కొనిపించేదాకా నిద్రపోడు. మీరు రాసిన నాలుగు జబ్బుల్లో మూడు మెషిన్‌వి కావని నా అనుమానం. నాలుగోది ఓ జత కార్బన్ బ్రష్‌లతో (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలు) పోయేలా ఉంది.

"మధ్యలో చవక బ్లేడు వేశాను" అన్నారు చూడండి, ఉత్తరంలో అక్కడ ఆగిపోయాను. గైడ్ రైల్ అంచున సన్నటి రబ్బరు పట్టీ ఉంటుంది. కొత్తలో అది కాస్త బయటికి ఉంటుంది. మొదటిసారి మెషిన్ నడిపినప్పుడు మీ బ్లేడే దాన్ని తన గీతకి కోసుకుంటుంది. ఆ తర్వాత పట్టీ సరిగ్గా పళ్ల పక్కనే సన్‌మైకాని అదిమి పట్టుకుంటుంది కాబట్టి పెచ్చు లేవడానికి చోటుండదు. చవక బ్లేడు పళ్లు లావుగా ఉన్నా, తిరిగేటప్పుడు బ్లేడు ఊగినా, పట్టీని ఇంకొంచెం తినేస్తుంది. మీరు మళ్లీ మంచి బ్లేడు వేశారు, కానీ తినేసిన పట్టీ తిరిగి మొలవదు కదా. ప్లగ్ పీకి, మెషిన్‌ని రైల్ మీద పెట్టి, బ్లేడు కిందికి దించండి. పన్నుకీ పట్టీకీ మధ్య విజిటింగ్ కార్డు దూరితే పెచ్చులకి కారణం దొరికినట్టే.

కొత్త పట్టీ తెచ్చి వెంటనే అంటించేయకండి. మెషిన్ అడుగు పలకకి, రైల్ మీద పక్కలకి ఊగకుండా బిగించుకునే చిన్న నాబ్‌లు రెండుంటాయి. తొమ్మిదేళ్లలో వాటిని ఒక్కసారైనా తిప్పారా? పక్కకి తోస్తే కదలకూడదు, ముందుకి తోస్తే జారాలి. అలా బిగించాకే కొత్త పట్టీ అంటించి, స్పీడు డయల్ పైకి పెట్టి, ఆపకుండా ఒకే నడకలో కోయండి. ఊగే మెషిన్‌తో కోస్తే కొత్త పట్టీ కూడా మొదటిరోజే పోతుంది. పాత పట్టీ మెత్తగానే ఉంటే, ఊడదీసి రైల్ శుభ్రం చేసి, రెండు మిల్లీమీటర్లు బయటికి జరిపి అంటించినా పని జరుగుతుంది. జిగురు పోయి ఉంటే మాత్రం పారేయండి. సన్‌మైకా మరీ మొండిదైతే ముందు 2 మిల్లీమీటర్ల లోతుకి ఒక గాటు, తర్వాత పూర్తి లోతుకి ఇంకో కోత వేయండి.

ఎనిమిదడుగుల కోతలో వెలుగు అన్నారు. రెండు 1400 రైల్స్ జోడించి కోస్తున్నారు కదా, నేనైతే ముందు ఆ అతుకునే పట్టుకుంటాను. మధ్యలో ఉన్న ఇనప బద్ద స్క్రూలు బిగిస్తుంటేనే రైల్ ఒక వెంట్రుక వాసి వంగుతుంది. పాడైన షీటు ఒకటి తీసుకుని పొడవునా రెండుసార్లు కోయండి, రెండుసార్లూ రైల్ కింద ఉన్న ముక్కనే ఉంచుకోండి. ఆ రెండిట్లో ఒక ముక్కని తిరగేసి, రైల్ వైపు కోసిన అంచుల్ని ఎదురెదురుగా ఆనించండి. తిరగేయడం ముఖ్యం. వంకర ఎంతుందో దానికి రెండింతలై కనబడుతుంది. తర్వాత ఒక్క రైల్ మీద నాలుగడుగులు కోసి అలాగే చూడండి. అది తిన్నగా వస్తే మెషిన్‌ని తిట్టడం మానేయండి. అతికేటప్పుడు రెండు రైల్స్ పక్కన పొడవాటి అల్యూమినియం పట్టా ఆనించి, అప్పుడు స్క్రూలు బిగించండి. 3 మీటర్ల ఒకే రైల్ ఉంటే ఈ బాధే లేదు, కానీ దాన్ని సైటుకి తీసుకెళ్లడానికి ఆటో మాట్లాడుకోవాలి.

మాడటం గురించి నా సొంత సిగ్గు ఒకటి చెబుతాను. పదేళ్ల కిందట కూకట్‌పల్లిలో ఓ ఫ్లాట్ పని. నా పాత మెషిన్ కోత మాడ్చేస్తోందని విసుగొచ్చి, రాణీగంజ్ వెళ్లి కొత్తది కొన్నాను. డబ్బాలో వచ్చిన కొత్త బ్లేడు మీద ప్రేమ పుట్టి, దాన్ని మంచి పనికి దాచిపెట్టి, పాత మెషిన్‌లోని బ్లేడే కొత్తదానికి బిగించాను. మొదటి కోతే నల్లగా మాడింది. షాపువాడితో ఫోన్‌లో అరగంట గొడవ పెట్టుకున్నాక, "గురువుగారూ, బ్లేడు ఎవరిది?" అని మా కుర్రాడు మెల్లిగా అడిగాడు. పళ్ల వెనక ప్లైవుడ్ జిగురు బెల్లంపాకంలా గట్టిపడి ఉంది. వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి పాత టూత్‌బ్రష్‌తో తోమితే వదిలింది. మీరూ అది చేసి, తుడిచి ఆరబెట్టాకే బిగించండి.

శుభ్రం చేశాక కూడా మాడితే, రైల్ కింద ఉండే ముక్క అంచుని ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూడండి. పళ్ల గీతలు ఒకే వైపు వంపు తిరిగి ఉంటే బాగానే ఉంది. జల్లెడలా అడ్డదిడ్డంగా ఉంటే బ్లేడు వెనక పళ్లు కూడా ఆ అంచుని రాస్తున్నాయన్నమాట. బ్లేడుకీ రైల్‌కీ ఉన్న వరస తప్పింది. దాన్ని సర్దుకునే స్క్రూలు అడుగు పలకలో ఉంటాయి. సర్వీస్ సెంటర్‌లో చేయించుకోవచ్చు.

నిప్పురవ్వలు: బ్రష్‌లు తీసి చూడండి. 5, 6 మిల్లీమీటర్లకి అరిగి ఉంటే రెండూ కలిపి మార్చండి. బ్రష్ దగ్గర చిన్న నీలి రవ్వకి భయపడక్కర్లేదు.

ఇక, ఏం కనబడితే నేనే "మార్చేయండి" అంటానో అదీ చెప్పాలి. కొత్త బ్రష్‌లు వేశాక కూడా బ్రష్‌లు ఆనే రాగి భాగం చుట్టూ నిప్పు చక్రంలా తిరుగుతుంటే ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే భాగం, పోతున్నట్టు. ప్లగ్ పీకి బ్లేడుని రెండు వేళ్లతో పట్టుకుని లోపలికీ బయటికీ కదపండి. "టక్" అని చేతికి తగిలితే బేరింగ్ వదులైంది. రెండిటికీ రేటు అడగండి. మొత్తం కొత్త మెషిన్ ధరలో మూడో వంతు దాటితే వదిలేస్తాను, అది నా లెక్క. మోడల్ నంబర్ చెప్పి విడిభాగాలు ఇంకా వస్తున్నాయో లేదో కూడా కనుక్కోండి. ఒక విషయంలో మాత్రం డబ్బు లెక్క లేదు. చేయి వదలగానే బ్లేడు దానంతటదే పైకి లేచి కవర్ లోపలికి వెళ్లిపోవాలి. పొట్టు అడ్డుపడితే ఊది శుభ్రం చేయండి. స్ప్రింగ్ చచ్చిపోయి బ్లేడు బయటే ఉండిపోతుంటే, బాగుచేయించేదాకా దానితో ఒక్క షీటు కూడా కోయొద్దు.

బ్యాటరీ మెషిన్ మంచిదే, కాదనను. కరెంటు ఇంకా రాని అపార్ట్‌మెంట్లలో పని ఎక్కువైతే కొనండి. కానీ మీరు ఎక్కువగా షెడ్డులోనే కోస్తారనుకుంటా. అక్కడ పొట్టు లాగే వాక్యూమ్ గొట్టం తగిలించాక, గొట్టం ఎలాగూ వెనక వేలాడుతూనే ఉంటుంది. వైరు లేకపోతే ఏం ఒరిగింది? ఫెస్టూల్ కంపెనీ బ్యాటరీ మోడల్ ఒకటి, బ్లేడు చెక్కలో ఇరుక్కుని మెషిన్ వెనక్కి తన్నడం పసిగట్టి తనే ఆగిపోతుంది. అలాంటిదాని కోసం మారతానంటే అర్థం ఉంది. ఎప్పుడు కొన్నా రైల్స్ లెక్క చూసుకోండి. మకిటా మెషిన్ ఫెస్టూల్ రైల్ మీద నడుస్తుంది, బాష్ మెషిన్ మఫెల్ రైల్ మీద నడుస్తుంది. ఒక జంటలోని మెషిన్ ఇంకో జంట రైల్ మీద కుదరదు. కంపెనీ మారితే ఉన్న రెండు రైల్స్ గోడకి ఆనించుకోవాల్సి రావచ్చు.

నేను మీ స్థానంలో ఉంటే ఈ నెల పట్టీ, బ్రష్‌లు, అవసరమైతే ఒక 48 పళ్ల మంచి బ్లేడు కొంటాను. వాక్యూమ్ లేకపోతే తర్వాతి డబ్బు దానికే. 8 వేలకి మాత్రం అమ్మను. రేపు కొత్తది వచ్చినా, ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసే షీటు) లాంటి దుమ్ము పనికి ఇది పడి ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ నుంచి సంక్రాంతికి వస్తున్నాడు. అక్కడ ట్రాక్ సా చవక అంటున్నాడు. తెమ్మనమంటారా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వైరు ఉన్నదైతే వద్దమ్మా. అక్కడి మెషిన్ 120 వోల్టులది, మన ప్లగ్‌లో పెడితే కాలిపోతుంది. దానికి వోల్టేజి తగ్గించే 2000 వీఏ (వోల్ట్ ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది మెషిన్ కంటే బరువు. బ్యాటరీది తేవచ్చు. విడి బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే 90 వాట్ అవర్లు, 100 లోపు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఛార్జర్ మీద 120 వోల్టులు అని మాత్రమే రాసి ఉంటే దాన్ని అక్కడే వదిలేసి, అదే కంపెనీ ఛార్జర్ ఇక్కడ కొనుక్కోండి. రైల్ కూడా ఇక్కడే. ఎక్కువ విమాన సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదంటాయి. రైల్ పొడవే 140.