కుక్క తోడుగా సినిమా హాలుకు

ప్ర: నాకు చూపు లేదు. దారి చూపడానికి శిక్షణ పొందిన లాబ్రడార్ తోడుంటుంది. దాంతో తెలుగు సినిమాకి వెళ్దామంటే గేటు దగ్గరే ఆపేస్తారని మావాళ్ళు వద్దంటున్నారు. ఆపొచ్చా? లోపల మూడు గంటలు అది ఉండగలదా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జ: 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సహాయ శునకాల పేరెత్తిన సెక్షన్ లేదు. కానీ దివ్యాంగులకు అవసరమైన సర్దుబాటు చెయ్యకపోవడం కూడా వివక్షేనని ఆ చట్టమే అంటుంది. మీకు పట్టు అక్కడ దొరుకుతుంది. కాదంటే భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాసి ఫిర్యాదు చెయ్యొచ్చు. చట్టాన్ని మీరితే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా.

అయితే ఆట మొదలయ్యే వేళ గేట్లో చట్టం చదివితే వినే నాథుడుండడు. రెండు రోజుల ముందే, మ్యాటినీ జనం లోపలికి వెళ్ళాక మేనేజరును కలవండి. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), శిక్షణ సర్టిఫికెట్, రేబిస్ టీకాల పుస్తకం జిరాక్సులు ఇచ్చి, సరేనన్న మాట వాట్సాప్‌లోనైనా పెట్టించుకోండి. ఆ రోజు గేట్లో వేరే మనిషి ఉండొచ్చు. అతనికి తెలుగు రాకపోతే ఒడియాలో ఒక్క ముక్క చాలు: ‘ఎ మొతే బాట దెఖాఏ’ (ఇది నాకు బాట చూపిస్తుంది). బాట ఒడియాలోనూ బాటే!

లోపల అసలు చిక్కు నేలతోనే. వెనక సగంలో, నడవ పక్క చివరి సీటు అడగండి. తెర దగ్గర బాస్ స్పీకర్లకు నేల అదురుతుంది, ముందు వరసలు వద్దు. పెద్ద లాబ్రడార్ పడుకోవాలంటే సుమారు మీటరు పొడవు, అర మీటరు వెడల్పు కావాలి. తల మీ పాదాల దగ్గర, తోక మీ సీటు కిందికి ఉండాలి, నడవలోకి ఏదీ రాకూడదు. మడత సీట్లతో మరీ జాగ్రత్త: లేచినప్పుడు స్ప్రింగుతో పైకి లేస్తుంది, మళ్ళీ కూలబడితే కీలు దగ్గర తోకో పాదమో నలుగుతుంది. సీటు కింద చేత్తో తడిమి చూసుకున్నాకే కూర్చోండి. పక్క సీట్లో మీవాళ్ళుంటే మరీ మంచిది.

కుక్కను పడుకోబెట్టే ముందు ఆ చోటు తుడిపించి, పాత దుప్పటి రెండు మడతలు వెయ్యండి. ఏసీకి నేల చల్లగా ఉంటుంది. పైగా కింద ఏం పడి ఉంటాయో! చాక్లెట్, కిస్‌మిస్, సమోసాలోని ఉల్లిపాయ కుక్కకు విషమే. కొన్ని చూయింగ్ గమ్‌లలో తీపి కోసం వేసే జైలిటాల్ ఇంకా ప్రమాదం.

మూడు గంటల ముందే తిండి ముగించి, హాల్లోకి వెళ్ళే ముందు మూత్రానికి తిప్పండి. ఇంటర్వెల్‌కి లైట్లు వెలగ్గానే లేవకండి, జనం తోసుకుపోయాక బయటికి తీసుకెళ్ళండి. ఎండాకాలం మ్యాటినీ అయితే అరచేతి వెనక వైపు రోడ్డు మీద 7 సెకన్లు పెట్టి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోలేనిది దాని పాదాలూ ఓర్చుకోలేవు.

హాల్లో శబ్దం ఒక్కోసారి 100 డెసిబెల్స్ దాటుతుంది. మొదటిరోజు ఆట జోలికి పోకండి, ఈలలు, కాగితాలు, టపాకాయల హోరు ఏ శిక్షణకీ లొంగదు. రెండో వారం, పలచని జనంతో, మొదటిసారి ఇంటర్వెల్ దాకానే. మీకు కనపడదు కాబట్టి అప్పుడప్పుడు దాని పక్కటెముకల మీద చెయ్యి వెయ్యండి. ఏసీలో కూడా రొప్పుతున్నా, వణుకుతున్నా, పదే పదే లేవబోతున్నా అప్పుడే బయటికి నడవండి. టిక్కెట్ డబ్బులు చూసుకుంటే వచ్చేసారి అది గుమ్మం కూడా తొక్కదు.

ప్ర: మా హాలుకు ఇలా కుక్కతో ఎవరైనా వస్తే పక్కవాళ్ళు గోల చేస్తారు. ఏం చెయ్యాలి?
– ఒక హాలు మేనేజరు, రాయగడ

జ: భయపడేవాళ్ళకో ఎలర్జీ ఉన్నవాళ్ళకో సీటు మార్చండి, కుక్కను లేపకండి. ఆ వరసను ఆటకు ముందు ఊడ్పించండి. టార్చి పట్టుకునే కుర్రాడికి మూడు మాటలు చెప్పండి: వెలుగు దాని కళ్ళలో కొట్టొద్దు, నిమరొద్దు, ఏమీ పెట్టొద్దు. చూపు, వినికిడి లేనివారికి సినిమాలో దృశ్యాల్ని మాటల్లో చెప్పే వివరణ, తెర మీది క్యాప్షన్ల గురించి సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలిచ్చింది. వాటి కాపీ బుకింగ్ కౌంటర్లో ఉంచుకోండి.