నీ నవలలో చనిపోయిన అమ్మాయి గురించి

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన పన్నెండు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. ఫిల్మ్‌నగర్ ఫ్లాట్‌లో హీరోయిన్ చనిపోవడం, నిర్మాత అరెస్టు, అతని తరఫున డిఫెన్స్ లాయరు రావడం, అంతా ఆపకుండా చదివించింది. నీకు కథ నడపడం వచ్చు. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందు నీ లాయరు సంగతి. అతను అర్ధరాత్రి ఫ్లాట్ తాళం తీసి లోపలికి వెళ్తాడు, ఫోను దొరికించుకుంటాడు, బైకు మీద ఎవరినో వెంబడిస్తాడు. మన దగ్గర దర్యాప్తు చేసే అధికారం పోలీసులది, డిఫెన్స్ లాయరుది కాదు. అతని ఆయుధం కాగితాల కట్ట. ఎఫ్.ఐ.ఆర్., శవ పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు, సాక్షులు పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలాలు. ఛార్జిషీటు వేశాక వాటి కాపీలు నిందితుడికి ఇవ్వాలి. ఆ కట్ట ముందు రాత్రంతా కూర్చున్న మనిషిని చూపించు. బైకు ఛేజింగ్ కంటే అదే ఎక్కువ టెన్షన్ పెడుతుంది.

ఎలాగంటావా? వాచ్‌మన్ బోనెక్కి, "రాత్రి పదకొండు గంటలకి నిర్మాతగారి కారు చూశాను" అన్నాడనుకో. లాయరు మెల్లగా అడుగుతాడు: "ఈ మాట పోలీసులకి చెప్పావా?" "చెప్పానండీ." అంతే, అప్పటికి వదిలేస్తాడు. కొన్ని వారాల తర్వాత దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టర్ బోనెక్కుతాడు. "వాచ్‌మన్ మీకిచ్చిన వాంగ్మూలంలో కారు మాట ఉందా?" "లేదు." కేసు గోడలోంచి ఒక ఇటుక ఊడిపోయింది. ఎవరూ అరవలేదు, బల్ల చరచలేదు. ఇలాంటి చోటే పాఠకుడు పేజీ గట్టిగా పట్టుకుంటాడు.

పన్నెండో అధ్యాయంలో నీ లాయరు అసలు హంతకుణ్ణి కోర్టులోనే పట్టిస్తాడు. అది తీసెయ్. హంతకుణ్ణి పట్టుకోవడం అతని బాధ్యత కాదు. ప్రాసిక్యూషన్ చెప్పే కథ మీద న్యాయమైన అనుమానం మిగల్చగలిగితే చాలు. ఆ అమ్మాయి ఎలా చనిపోయిందో చివరికి అతనికీ తెలియకపోవచ్చు. ఆ తెలియకపోవడాన్ని మోస్తూ ఇంటికెళ్లే లాయరునే రాయి.

ఇక్కడే నీకు ఒక పాత కేసు చెప్పాలి. 1921 సెప్టెంబరు 5, శాన్‌ఫ్రాన్సిస్కోలోని సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్. అప్పట్లో హాలీవుడ్‌లో అందరికంటే ఎక్కువ సంపాదించేవాళ్లలో ఒకడైన హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ గదుల్లో పార్టీ. అమెరికాలో మద్య నిషేధం ఉన్న రోజులు. వర్జీనియా రాప్ అనే నటి ఆ పార్టీలో జబ్బుపడింది. హోటల్ డాక్టరు తాగుడు వల్లే అనుకున్నాడు. నాలుగు రోజులకి ఆమె చనిపోయింది. మూత్రాశయం చిట్లి, పొట్టలో ఇన్‌ఫెక్షన్ వ్యాపించింది. ఆర్బకిల్‌ని హత్య నేరం కింద అరెస్టు చేశారు, తర్వాత దాన్ని హత్య కాని నరహత్యగా తగ్గించారు. పత్రికలు మాత్రం విచారణ మొదలుకాకముందే తీర్పు చెప్పేశాయి.

మూడుసార్లు విచారణ జరిగింది. డిఫెన్స్ లాయరు గావిన్ మెక్‌నాబ్ పని మాత్రం శ్రద్ధగా చదువు. వర్జీనియాకి ముందునుంచీ మూత్రాశయ జబ్బు ఉందా అని ఆరా తీశాడు. అధికారిక శవపరీక్ష జరగకముందే ఆసుపత్రిలో ఒక డాక్టరు శవాన్ని కోసి చూశాడన్న సంగతి కూడా ఈ కేసులో ఉంది. ఆర్బకిల్ మీద ఫిర్యాదు చేసిన మనిషిని ఈ మూడు విచారణల్లో ప్రాసిక్యూషన్ ఒక్కసారి కూడా బోనెక్కించలేదు. గది తలుపు మీద వేలిముద్రలున్నాయని ఒక నిపుణుడు చెబితే, ఆయన రాకముందే ఆ గది శుభ్రం చేశానని హోటల్ పనిమనిషి చెప్పింది. ఒక తడిగుడ్డ ముందు సైన్సు తడబడింది చూడు. ఇలాంటి వివరం నీ నవలలో ఒక్కటీ లేదు.

మొదటి విచారణలో జ్యూరీ, అంటే తీర్పు చెప్పే పన్నెండుమంది పౌరులు, 10-2తో విడుదల వైపు మొగ్గి, అందరూ ఒక్కమాట మీదకి రాక ఆగిపోయింది. రెండోసారి మెక్‌నాబ్ గెలుపు ఖాయమనుకుని నిందితుణ్ణి బోనెక్కించలేదు, చివరి వాదన కూడా వినిపించలేదు. ఈసారి 10-2తో శిక్ష వైపు మొగ్గారు! మూడోసారి ఏదీ వదల్లేదు. 1922 ఏప్రిల్ 12న జ్యూరీ నిమిషాల్లోనే నిర్దోషి అని తేల్చి, విడుదల ఒక్కటే ఆర్బకిల్‌కి సరిపోదని, అతనికి గొప్ప అన్యాయం జరిగిందని రాసిచ్చింది. ఆరు రోజులకే సినిమా పెద్దలు అతని చిత్రాలు ఆపేశారు. ఆ నిషేధం ఆ ఏడాది చివర్లో ఎత్తేసినా, పోయిన పేరు తిరిగి రాలేదు.

అతనికి అన్యాయం జరిగిందనే నేనూ నమ్ముతాను. కానీ తమ్ముడూ, ఆ మూడో విచారణలో వర్జీనియా తాగుడు, ఆమె పాత జీవితం, అన్నీ బయటికి లాగారు. ఆమెకి జబ్బు ఉందా అన్నది అడగాల్సిన ప్రశ్న, చావుకి కారణం అక్కడే ఉండొచ్చు కాబట్టి. ఆమె ఎలాంటి మనిషి అన్న ప్రశ్నకీ మూత్రాశయం చిట్లడానికీ ఏ సంబంధమూ లేదు. ఈ రెండింటి మధ్య గీత సన్నగా ఉంటుంది. నీ లాయరు రోజూ ఆ గీత మీదే నడుస్తాడు. నిందితుడికి లాయరుంటాడు, ప్రభుత్వానికి పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉంటాడు. చనిపోయిన మనిషి మాత్రం తన గురించి ఒక్క మాటైనా చెప్పుకోలేదు.

కోర్టు సన్నివేశాలు నేర్చుకోవడానికి నేనొకప్పుడు ఒక సెషన్స్ కోర్టులో వారాల తరబడి కూర్చునేవాణ్ణి. ఒకరోజు అనుమానాస్పద మృతి కేసు నడుస్తోంది. డిఫెన్స్ లాయరు సాక్షిని, చనిపోయిన అమ్మాయి రాత్రిళ్లు ఎన్నింటికి ఇంటికొచ్చేదని అడిగాడు. చట్టప్రకారం అడగొచ్చేమో. వెనక బెంచీలో ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది. చేతిసంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పి, తాగకుండానే మళ్లీ మూసేసింది. అలా నాలుగైదుసార్లు చేసింది. ఆ రోజు క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాయరు గెలిచాడు. నాకు గుర్తున్నది మాత్రం ఆ మూత.

నీ అధ్యాయాల్లో ఆ తల్లి లేదు. ఆ హీరోయిన్‌కి పేరు కూడా పెట్టలేదు, పన్నెండు అధ్యాయాల్లోనూ "ఆమె", "హీరోయిన్", "బాడీ" అనే రాశావు. ఏడో అధ్యాయంలో ఆమెకి ముగ్గురితో సంబంధాలున్నాయని లాయరు కనిపెట్టడమే నీ పెద్ద మలుపు. ఆ మలుపు చావుకి కారణం వైపు తీసుకెళ్తుందా? నేను చూసినంతవరకు లేదు. తీసుకెళ్లకపోతే ఉంచకు.

దాని బదులు ఆమె చివరి రోజు రాయి. పొద్దున్నే డబ్బింగ్ థియేటర్లో ఒకే డైలాగు ఎన్నిసార్లు చెప్పింది, రావాల్సిన చెక్కు కోసం మేనేజర్‌కి ఎన్నిసార్లు ఫోను చేసింది, రాత్రి అమ్మతో ఏం మాట్లాడింది, ఫ్రిజ్‌లో ఏం దాచుకుంది. ఆ రోజు తర్వాత రికార్డులో ఎలా మారిందో, పంచనామాలో రెండు వాక్యాలుగా ఎలా కుదించుకుపోయిందో లాయరు చదివేటప్పుడు పాఠకుడికి తెలియాలి. అప్పుడు లాయరు అడిగే ప్రతి ప్రశ్నకీ బరువొస్తుంది, అతను గెలిచినా సరే.

తొందరపడకు. ఏడో అధ్యాయం ఒక్కటే ముందు తిరగరాసి పంపు. ఆమెకి ఏం పేరు పెట్టావో మొదటి పేజీ పైనే రాయి.

నీ అన్నయ్య