హైదరాబాద్‌లో ఇన్ని ఆసుపత్రులున్నా పేదవాళ్ల ఆరోగ్యం ఎందుకు బాగుపడటం లేదు? అవగాహన లేకనేనా?

అవగాహన లేక కాదండీ. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. నానక్‌రామ్‌గూడ దాటాక, టవర్లు కడుతున్న సైట్ల మధ్య నాకు మెడికల్ షాపు ఉంది. నా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లకు జబ్బు సంగతి బాగానే తెలుసు. చూపించుకునే తీరికే లేదు.

ఒడిశాలోని బలంగీర్ నుంచి వచ్చిన ఒకతను రాడ్ బెండింగ్ పని చేసేవాడు. రాత్రి షాపు బంద్ చేసే వేళకు వచ్చి చిన్న దగ్గు మందు సీసా అడిగేవాడు. జ్వరానికి స్ట్రిప్ మొత్తం కొనడు, రెండు మాత్రలు కత్తిరించి ఇమ్మంటాడు. తుప్పు మరకలు పడ్డ వేళ్లతో చిల్లర లెక్కపెడుతూ ఉంటే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. కౌంటర్ అంచు పట్టుకుని అది తగ్గేదాకా అలాగే నిలబడేవాడు. చూస్తుండగానే చొక్కా వదులైపోయింది. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి, సర్కారు దవాఖానాలో ఫ్రీ అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. "తెలుసు భయ్యా, మా బాబాయికి టీబీయే వచ్చింది. కానీ వెళ్తే ఆ రోజు హాజరు పోతుంది" అన్నాడు. ఇంతకంటే అవగాహన ఎవరికి ఉంటుంది?

2018లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. నిజంగా మంచి పని. కానీ అవి నడిచేది పగటిపూట. సైటులో మనిషి చీకటి పడితే గానీ బయటికి రాడు. అప్పటికి తెరిచి ఉండేది ఆర్‌ఎంపీ గది, నా షాపు. అక్కడ ఒక సూది, ఒక సెలైన్ బాటిల్, తెల్లారి మళ్లీ పని.

చివరికి తోటివాళ్లే మేస్త్రీతో గొడవపడి అతన్ని తీసుకెళ్లారు. టీబీ అని తేలింది. ఆరు నెలల మందులు ఉచితం, తిండికని నెలకు వెయ్యి రూపాయలు కూడా ఇస్తారు. తీరా దగ్గు కాస్త తగ్గుతుండగా కాంట్రాక్టరు ఆ గ్యాంగ్‌ను వేరే సైటుకు పంపేశాడు. కోర్సు మధ్యలో ఆగితే మందులకు లొంగని టీబీ వచ్చే ప్రమాదం ఉంది. పైగా అతను పడుకున్న రేకుల షెడ్డులో ఇంకా బోలెడుమంది ఉన్నారు.

అసలు ఈ షెడ్లు ఎవరి లెక్కలో ఉన్నాయి? 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లా జనం 39 లక్షలు, పదేళ్లలో 3 శాతం కూడా పెరగలేదు. అదే పదేళ్లలో అప్పటి రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగి 53 లక్షలకు చేరింది. అంటే ఊరు పెరిగిందంతా అంచుల్లోనే. ఉస్మానియా, గాంధీ, నీలోఫర్, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి మాత్రం పాత ఊళ్లోనే ఉన్నాయి. 2021లో జరగాల్సిన లెక్కలు 2027కు వెళ్లాయి. పాత అంకెలు ముందు పెట్టుకుని కొత్త జనానికి ఎన్ని దవాఖానాలు కావాలో ఎలా తేలుస్తారు?

ఇంకో బాధ నీళ్లు. వానలు పడగానే షెడ్ల నుంచి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల కోసం పిల్లలు లైను కడతారు. గోడకు అవతల అపార్ట్‌మెంట్లకు టైముకు ట్యాంకర్లు వస్తూనే ఉంటాయి.

డబ్బు లేదని మాత్రం చెప్పొద్దు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేస్తున్నారు. ఆ సొమ్ముతో ప్రతి పెద్ద సైటు సెల్లార్‌లో ఒక గది తీసుకుని, వారానికి రెండు సాయంత్రాలు డాక్టరును, ఒడియా, హిందీ వచ్చిన నర్సును కూర్చోబెట్టాలి. కఫం డబ్బాలు అక్కడే తీసుకోవాలి. గ్యాంగ్ మారితే మందుల కార్డు వాళ్లతో పాటే వెళ్లేలా చూసే పూచీ కాంట్రాక్టరు మీద పెట్టాలి. సైటుకు పర్మిషన్ ఇచ్చే రోజే ఈ షరతు రాయించుకోవచ్చు.