మధ్యాహ్నం దాటితే పలకరించే మనిషి ఉండదు

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. కూకట్‌పల్లిలో టీచరుగా పనిచేసేదాన్ని. మావారిని కంపెనీ ఎల్-1 వీసా మీద న్యూయార్క్ ఆఫీసుకు పంపింది. బాబు చదువు కోసమని న్యూజెర్సీలోని షార్ట్ హిల్స్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. పెద్ద ఇళ్ళు, పచ్చని చెట్లు, రోడ్డు మీద మాత్రం మనిషి కనిపించడు. నాకు కారు నడపడం రాదు. పక్కింటావిడకు పులిహోర ఇస్తే, వారం తర్వాత కడిగిన గిన్నె, ఒక కార్డు గుమ్మం ముందు పెట్టి, బెల్లు కూడా కొట్టకుండా వెళ్ళిపోయింది. మావారేమో ‘ఇంత ప్రశాంతత ఎక్కడ దొరుకుతుంది’ అంటారు. అమ్మ ‘నీకేం తక్కువే’ అంటుంది. పొద్దున లేవబుద్ధి కావడం లేదు. తిరిగి వచ్చేయాలనిపిస్తోంది. ఇది పొగరా?

జవాబు: పొగరేం కాదమ్మా. ‘నీకేం తక్కువ’ అన్నాక ఇక ఎవరైనా ఏం చెప్పుకుంటారు? బాధ ఉన్నచోటే ఉంటుంది, పైగా అది చెప్పుకున్నందుకు సిగ్గు కూడా తోడవుతుంది. మీ అమ్మగారు కావాలని అనలేదనుకోండి. ఆవిడకు ఫోన్‌లో కనిపించేది ఆ పెద్ద వంటగది ఒక్కటే.

మీ రోజును గంటల లెక్కన చూద్దాం. వేసవిలో మీకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయ్యేసరికి ఇక్కడ రాత్రి పదకొండు. అమ్మ, అక్క, స్నేహితులు అందరూ పడుకుంటారు. నవంబరులో అక్కడ గడియారం గంట వెనక్కి జరిపాక పన్నెండున్నరకే ఆ తలుపు మూసుకుపోతుంది. అప్పటి నుంచి రాత్రి మీవారు వచ్చేదాకా బాబు తప్ప మాట్లాడే మనిషే లేరు. ఆయనేమో పొద్దున్నుంచి మాన్‌హట్టన్ జనంలో, ఆఫీసు మాటల్లో, రైలు రద్దీలో నలిగి వస్తారు. మీకు మాట ఆకలి, ఆయనకు మౌనం ఆకలి. ఇద్దరి ఆకలీ నిజమే. గుమ్మంలో అడుగు పెట్టగానే ‘నేనిక్కడ ఉండలేను’ అంటే ఆయనకు అది ఫిర్యాదులాగే వినిపిస్తుంది. శనివారం పొద్దున కాఫీ దగ్గర కూర్చోబెట్టి, పైన నేను చెప్పిన గంటల లెక్కే చెప్పండి. ‘నాకు బోర్ కొడుతోంది’ అనకండి, ఆ మాటకు ఓటీటీ చూడమనే సలహా వస్తుంది.

ఆ ఊరి మౌనం మీ మీద కోపంతో వచ్చింది కాదు. కిటికీ తెరల స్ప్రింగు రోలర్‌తో డబ్బు గడించిన స్టువర్ట్ హార్ట్‌షోర్న్ అనే ఆయన 1877లో ఆ ఊరిని మొదలుపెట్టాడు. (తెరలమ్మినాయన కట్టిన ఊళ్ళో తెరలన్నీ దించి ఉన్నాయంటే నాకు నవ్వొచ్చింది.) చెట్లు, ఏకాంతం కావాలనుకునే వాళ్ళ కోసమే ఆ ఊరు. కూకట్‌పల్లిలో మనం మెట్లు దిగితే చాలు, నలుగురు పలకరిస్తారు. అక్కడ పలకరింపు కోసం మనమే బయలుదేరి వెళ్ళాలి. బయలుదేరాలంటే కారు కావాలి.

అందుకే అన్నిటికన్నా ముందు లైసెన్సు. రాత పరీక్షలో 50 ప్రశ్నలు, 40 సరైతే పాస్. పిల్లలకు పరీక్షలు పెట్టిన మీకు అదో లెక్కా? డ్రైవింగ్ మాత్రం దయచేసి మీవారి దగ్గర నేర్చుకోకండి. పక్క సీట్లో భర్త కూర్చుని ‘బ్రేక్, బ్రేక్’ అంటుంటే సగం కాపురాలు స్టీరింగ్ దగ్గరే దెబ్బతింటాయి. డబ్బు కట్టి స్కూల్లో నేర్చుకోండి. డ్రైవింగ్ వస్తే ఎడిసన్‌లో మనవాళ్ళ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డు, బ్రిడ్జ్‌వాటర్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి మీకు అందుబాటులోకి వస్తాయి. అవి కూడా వారానికోసారి మాత్రమే సుమా, అదే లోకమైపోతే పక్కింటితో ఎప్పటికీ చుట్టరికం కలవదు.

లైసెన్సు వచ్చేదాకా రైలుంది. మీవారు ఎక్కే రైలే ఒక్క స్టేషన్ దూరంలో మిల్‌బర్న్‌లో దింపుతుంది. అక్కడ లైబ్రరీ ఉంది, కొట్లు ఉన్నాయి. బాబు బడి నుంచి వచ్చేలోపు వెళ్ళి రావచ్చు.

మీరు రాయలేదు కానీ నాకు అనుమానం వస్తోంది, అక్కడ ఉద్యోగం చేయడానికి మీకు అనుమతి లేదనుకుంటున్నారా? అమెరికాలో అడుగుపెట్టినప్పుడు ఇచ్చే ఐ-94 పత్రం తీసి చూడండి. అందులో ఎల్-2ఎస్ అని ఉంటే వేరే వర్క్ పర్మిట్ అక్కర్లేకుండానే పని చేయవచ్చు. 2022 నుంచి ఎల్-1 మీద వెళ్ళినవాళ్ళ భార్యాభర్తలకు అలా రాసి ఇస్తున్నారు. హెచ్-4 మీద (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) ఉన్న స్నేహితులు చెప్పే ‘కుదరదు’ మీకు వర్తించదు. కంపెనీ లాయరును ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. ప్రభుత్వ బడిలో టీచరు కావాలంటే రాష్ట్ర సర్టిఫికెట్ కావాలి, దానికి టైమ్ పడుతుంది. ఈలోగా ఏదో ఒక చిన్న పని, వారానికి రెండు రోజులున్నా చాలు.

పొద్దున లేవబుద్ధి కాకపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోను. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి తప్పుతుంటే మీ ఫ్యామిలీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఎప్పుడైనా ప్రాణం మీద విరక్తి కలిగితే అక్కడి సహాయ నంబరు 988కి ఫోన్ చేయండి.

తిరిగి రావడం గురించి ఇప్పుడే తేల్చకండి. లైసెన్సు చేతికొచ్చాక ఒక నెల చూసి అప్పుడు అనుకోండి.

ఇక ఆ గిన్నె సంగతి. మన ఇళ్ళల్లో ఎవరైనా ఏదైనా పెట్టిన గిన్నె ఖాళీగా తిరిగివ్వరు, కాస్త చక్కెరైనా వేసి ఇస్తారు. పక్కింటావిడ పసుపు మరక లేకుండా తోమి, కార్డు పెట్టి ఇచ్చింది. చెప్పకుండా బెల్లు కొట్టడమే అమర్యాద అనుకునే ఊళ్ళో ఆవిడ చేసింది గౌరవమే. ఈసారి పులిహోర వద్దు, ఒక సాయం అడగండి. రాలిన ఆకులు ఎక్కడ పోయాలి, ఏ రోజు తీసుకెళ్తారు, అలాంటిది. ఇంతకీ కార్డులో ఏం రాసిందో మీరు చెప్పనే లేదు. చదివారా?